మంచు కింద చెలమ

కరోల్ బాగ్‌లో జనవరి తెల్లవారుజామున స్నానానికి నీళ్లు రెండు చోట్ల దొరికేవి. మేడ మీది నల్ల సింటెక్స్ ట్యాంకు నుంచి దిగే కుళాయి ఒకటి. రాత్రంతా చలిలో నిలిచిన నీళ్లవి. చెంబెడు చేతి మీద పోసుకుంటే వేళ్ల కణుపులు లాగేసేవి. రెండోది మెట్ల కింద ఉన్న బోరు మోటరు. స్విచ్ వేసి, ట్యాంకుకు పోయే పైపును విప్పి బకెట్టులోకి తిప్పితే, పడుతున్న నీటి మీంచి పల్చగా ఆవిరి లేచేది. ఆ ఆవిరిలో ముఖం పెట్టి ఒక్క క్షణం నిలబడితే చాలు, ఢిల్లీ చలి మర్చిపోవచ్చు.

అజ్మల్ ఖాన్ రోడ్డు వెనక సందులో, పాత మూడంతస్తుల ఇంటి పైన, అక్కడివాళ్లు బర్సాతీ అని పిలిచే డాబా గదిలో నేను రెండు చలికాలాలు ఉన్నాను. ఇంటావిడ ఆ వెచ్చని నీళ్లను ‘బోరింగ్ కా పానీ’ అనేది. మన పల్లెల్లో చేతిపంపుని బోరింగు అంటాం కదా. ఆ మాట పంజాబీ యాసలో చెవిన పడినప్పుడల్లా ఊరు గుర్తొచ్చేది. పక్క గదిలో అనంతపురం జిల్లా కుర్రాడు సివిల్స్‌కి చదువుకుంటూ ఉండేవాడు. ఒకరోజు ఆవిరి లేస్తున్న బకెట్టు ముందు గొంతుక్కూర్చుని అడిగాడు: “అన్నా, అడుగున పొయ్యేమన్నా ఉండాదా?”

ఆ రోజు నేను చెప్పిన జవాబు సగమే. మిగతా సగం కోసం గ్రహాల దాకా పోవాలి.

ముందు ఆ సగం చెబుతాను. ఆ నీళ్లను ఎవరూ వేడి చెయ్యలేదు. చలికాలం వచ్చిన సంగతి వాటికి తెలియదు, అంతే. ఢిల్లీలో జనవరి రాత్రి 4, 5 డిగ్రీలకు దిగుతుంది, మే మధ్యాహ్నం 45 డిగ్రీలకు పోతుంది. మట్టి, రాయి వేడిని చాలా నిదానంగా మోస్తాయి. పది మీటర్ల లోతుకు పోయేసరికి ఎండాకాలం, చలికాలం రెండూ కలిసిపోయి ఏడాది సగటు ఒక్కటే మిగులుతుంది. ఢిల్లీకి అది సుమారు 25 డిగ్రీలు. మే నెలలో ఆ నీళ్లే చల్లగా తోస్తాయి, జనవరిలో పొగలు కక్కుతాయి. నీళ్లు మారలేదు, మన చర్మం మారింది. చంద్రయాన్-3 ఇదే పాఠాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. 2023 ఆగస్టులో విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మట్టిలోకి ఉష్ణోగ్రతలు కొలిచే పుల్లను దించింది. పైన 50 డిగ్రీలు దాటిన వేడి. బెత్తెడు లోతులో, అంటే 8 సెంటీమీటర్ల కింద, సున్నాకు పది డిగ్రీల దిగువ. నేల పైభాగం చెప్పేది ఒకటి, బెత్తెడు కింద జరిగేది ఇంకొకటి.

అయితే కుర్రాడు అడిగిన పొయ్యి కూడా నిజంగానే ఉంది. ఇంకా లోతుకు పోతే, కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున నేల వేడెక్కుతూ పోతుంది. ఆ వేడి సూర్యుడిది కాదు, భూమి సొంతం.

అతనిది చిత్రావతి ఒడ్డు పల్లె. ఎండాకాలం ఏట్లో చెలమ తీయడం ఎలాగో ఆ రోజు నాకు చేతులతో చూపించి మరీ చెప్పాడు. ఇసుక రంగు కొంచెం ముదిరిన చోటు చూసుకుని మోకాళ్ల మీద కూర్చోవాలి. రెండు చేతులా తోడాలి. మూరెడు లోతు పోయాక గోడలు జారి గుంట పూడుతుంటుంది, అందుకని వెడల్పు చెయ్యాలి. అడుగున ముందు బురదనీరు ఊరుతుంది. దాన్ని కొబ్బరిచిప్పతో తోడి అవతల పొయ్యాలి. మళ్లీ ఊరుతుంది, మళ్లీ తోడాలి. మూడోసారికో నాలుగోసారికో నీళ్లు తేటపడి, అడుగున ఇసుక రేణువులు గిర్రున తిరుగుతూ కనిపిస్తాయి. అప్పుడు ముంత ముంచుకోవాలి. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు మాత్రం అది ఎండిపోయిన ఏరే.

భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డు ఇసుక తవ్వితే ఊరే నీళ్లు వేడిగా ఉంటాయి. ఉష్ణగుండమని యాత్రికులు అక్కడ స్నానాలు చేస్తారు. అదే లోయలో మణుగూరు దగ్గరి పగిడేరులో బొగ్గు అన్వేషణ కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు వాటంతట అవే ఉబికి వచ్చాయి. ఆ వేడితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. ఇసుక కింద నీళ్లు ఉండొచ్చు, ఆ నీళ్ల కింద నిప్పూ ఉండొచ్చు. ఈ రెండూ తెలుగు నేల మీద ఎప్పటినుంచో తెలిసిన సంగతులే. దూరపు గ్రహాల్లో నీటి కోసం వెతికేటప్పుడు మాత్రం మనం చాలాకాలం గట్టు మీదే నిలబడ్డాం.

ఆ గట్టుకు శాస్త్రంలో ఒక పేరుంది: నివాసయోగ్య మండలం. నక్షత్రానికి మరీ దగ్గరైతే నీళ్లు ఆవిరైపోతాయి, మరీ దూరమైతే గడ్డకడతాయి, మధ్యలో ఒక పట్టీలో మాత్రం గ్రహం ఉపరితలం మీద నీళ్లు ద్రవంగా నిలుస్తాయి అన్నది దాని సారాంశం. జేమ్స్ కాస్టింగ్ బృందం 1993లో దీనికి లెక్క కట్టింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2013లో, ఆ లెక్కను కొత్త సమాచారంతో తిరగరాసిన బృందానికి ముందు నిలిచిన పేరు రవికుమార్ కొప్పరపు. అప్పుడు పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో కాస్టింగ్‌తో పనిచేసేవారు, తర్వాత నాసా గొడార్డ్ కేంద్రంలో గ్రహ శాస్త్రవేత్త అయ్యారు. కొప్పరపు అనగానే మనకు అవధానాలు చేసిన సోదర కవులు గుర్తొస్తారు. ఈ లెక్క కూడా గుర్తుకు రావాలని నా కోరిక. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని 1 అనుకుంటే, మన సూర్యుడి చుట్టూ ఆ పట్టీ 0.99 దగ్గర మొదలై సుమారు 1.7 దగ్గర ముగుస్తుందని ఆ బృందం చెప్పింది. అంటే భూమి కూర్చున్నది పట్టీ నడుమ కాదు, పొయ్యి వైపు అంచు మీద. మేఘాల ప్రభావాన్ని కూడా కలిపితే ఆ అంచు ఇంకొంచెం లోపలికి జరుగుతుందని తర్వాతి లెక్కలు చూపించాయి. 1.52 దగ్గరున్న అంగారకుడు పట్టీలోనే ఉన్నాడు, అయినా అతని నేల మీద ఈరోజు ఒక్క వాగూ పారడం లేదు.

ఈ గీత తప్పని నేను అనను. ఉపరితలం మీద నీళ్లుంటే అవి గాలితో కలుస్తాయి, ఆ గాలిలోంచి వచ్చే వెలుగును మన దూరదర్శిని చదవగలదు. వెతకగలిగిన చోట వెతకడం సరైన పనే. కానీ ఆ గీతను ‘ఇక్కడే నీళ్లుంటాయి’ అన్న హద్దుగా చదవడం మొదలైంది. గీత అవతలి గ్రహాలన్నీ బండగడ్డలని పక్కన పెట్టేశారు. ఆ గీత పై నుంచి పడే వేడినే లెక్కలోకి తీసుకుంది. కింది నుంచి వచ్చేది అందులో లేదు.

కింది వేడి ఎంత? సగటున చదరపు మీటరు నేలలోంచి 0.087 వాట్లు. భూమి సూర్యుడి నుంచి పీల్చుకునేది చదరపు మీటరుకు సుమారు 240 వాట్లు. రెంటికీ పోలికే లేదు. 120 గజాల ఇంటి స్థలం మొత్తం లోంచి పైకొచ్చే భూతాపమంతా పోగేస్తే, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి వెలుగుతుంది, అంతే. ఆ వేడిలో సగందాకా రాళ్లలోని యురేనియం, థోరియం, పొటాషియం నిదానంగా క్షీణించడం వల్ల పుడుతుంది, మిగతాది భూమి పుట్టినప్పటి వేడి. ఆ ఇంధనం మన దగ్గర కంటికి కనిపించే రూపంలోనే ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో యురేనియం తీస్తున్నారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ గింజలు దొరుకుతాయి. యురేనియం-238 సగానికి తగ్గడానికి 447 కోట్ల ఏళ్లు, థోరియానికి 1400 కోట్ల ఏళ్లు. ఈ పొయ్యి మంట చిన్నదే, కానీ ఆరిపోయే తొందర దానికి లేదు.

ఇంత చిన్న మంట మంచును కరిగిస్తుందా అని అడిగితే, రజాయి కప్పుకుని ఆలోచించమంటాను. కరోల్ బాగ్ బజారులో చలికాలం మొదలవగానే దూది రజాయిలు గుట్టలుగా పోసి అమ్ముతారు. రజాయి వేడి పుట్టించదు. ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. పల్చటి దుప్పటి కింద వణికిన ఒళ్లే మందపాటి రజాయి కింద చెమట పడుతుంది. మంచు కూడా అంతే. అది చలికి గుర్తు అనుకుంటాం, కానీ కిలోమీటర్ల మందం ఉన్నప్పుడు అది రజాయి. భూమి వేడి సగటున ఎంతో అంతే కింది నుంచి వస్తూ, మంచు కదలకుండా నిలిచి ఉందనుకుందాం. మంచు వేడిని మోసే తీరు మనకు తెలుసు కాబట్టి లెక్క ఒక్క భాగహారంతో తేలుతుంది: కిందికి పోయేకొద్దీ కిలోమీటరుకు 35 నుంచి 40 డిగ్రీల చొప్పున వెచ్చబడాలి. పైన మైనస్ 50 డిగ్రీలుంటే, కిలోమీటరున్నర లోపే సున్నా వస్తుంది. ఆ కింద మంచు మంచుగా ఉండలేదు. పైగా పైనున్న బరువుకు మంచు సున్నా కంటే కొంచెం దిగువనే కరుగుతుంది.

కుర్రాడు ఈ లెక్కను నా గది గోడ మీద పెన్సిల్‌తో వేశాడు. అతని ఐచ్ఛికాంశం భూగోళ శాస్త్రం. వేసి, కాసేపు చూసి, “అయితే అంటార్కిటికా అడుగున నీళ్లుండాల గదా అన్నా” అన్నాడు.

సరిగ్గా అదే మాట 1960ల మొదట్లో సోవియట్ శాస్త్రవేత్త ఇగోర్ జోతికోవ్ కాగితం మీద లెక్కగట్టి చెప్పాడు. అంటార్కిటికా నడిబొడ్డున మంచు అంత మందంగా ఉంది కాబట్టి అడుగున అది కరుగుతూ ఉండి తీరాలి అన్నది ఆయన లెక్క. ఆ పైన ఉన్న వొస్తోక్ స్థావరం భూమి మీద అతి చల్లని చోట్లలో ఒకటి. 1983 జూలై 21న అక్కడ మైనస్ 89.2 డిగ్రీలు నమోదైంది. అలాంటి చోటు కింద నీళ్లున్నాయంటే నమ్మడం కష్టమే. కానీ ఆ మంచు మీద ఎగిరిన పైలట్లు కొన్ని చోట్ల విచిత్రమైన చదును చూశారు. ఎగుడుదిగుడు కొండల మీద పరిచిన దుప్పటి ఎగుడుదిగుడుగానే ఉంటుంది, నీటి మీద తేలే దుప్పటి చదునుగా ఉంటుంది. 1970లలో విమానాల నుంచి మంచులోకి పంపిన రేడియో తరంగాలు అడుగున అద్దంలాంటి దాన్ని తాకి తిరిగొచ్చాయి. 1990లలో ఉపగ్రహం పైనుంచి కొలిచింది. 1996లో జోతికోవ్‌తో సహా అయిదుగురు కలిసి లోకానికి ప్రకటించారు: నాలుగు కిలోమీటర్ల మంచు కింద 250 కిలోమీటర్ల పొడవు, 50 కిలోమీటర్ల వెడల్పు ఉన్న మంచినీటి సరస్సు. పొడవు చూస్తే ఢిల్లీ నుంచి జైపూర్ దాకా. 2012 ఫిబ్రవరి 5న రష్యన్ల బోరు 3,769 మీటర్ల లోతున ఆ నీటిని తాకింది. ఇప్పటికి అంటార్కిటికా అడుగున ఇలాంటి సరస్సులు 600కి పైగా లెక్కకు వచ్చాయి.

ముందు లెక్క, తర్వాత కన్ను. ఈ వరసను మనసులో పెట్టుకోమని పాఠకుణ్ని కోరుతున్నాను. లెక్కకూ బోరుకూ మధ్య యాభై ఏళ్లు పట్టింది.

ఆ నీళ్లు ఖాళీ నీళ్లు కూడా కావు. 2013 జనవరిలో అమెరికా బృందం 800 మీటర్ల మంచును వేడినీటితో తొలిచి విలాన్స్ అనే సరస్సు నుంచి నీళ్లు తీసింది. ఒక మిల్లీలీటరులో లక్షకు పైగా సూక్ష్మజీవుల కణాలు కనిపించాయి. ఎన్నో వేల ఏళ్లుగా అక్కడికి ఎండ పొడ సోకింది లేదు. రాతిని, అందులోని అమ్మోనియం లాంటి పదార్థాలను తింటూ అవి బతికాయి.

మన భూమే ఒకప్పుడు మంచు ముద్ద. సుమారు 72 కోట్ల ఏళ్ల కిందట మొదలై 63.5 కోట్ల ఏళ్ల కిందటిదాకా, మధ్యలో విరామంతో, సముద్రాలు భూమధ్యరేఖ దాకా గడ్డకట్టాయని రాళ్లలోని గుర్తులు చెబుతున్నాయి. ఆ కాలంలో ఇంకో నక్షత్రం దగ్గరి నుంచి ఎవరైనా చూసి ఉంటే, తెల్లగా మెరిసే చచ్చిన గ్రహమని రాసుకుని పక్కకు తిరిగేవారు. మంచు కింద సముద్రం ద్రవంగానే ఉంది. దాన్ని అలా ఉంచింది ఆ 9 వాట్ల బల్బు మంటే. మన తాత ముత్తాతలకు తాత ముత్తాతలైన జీవులు ఆ చీకట్లోంచి బతికి బయటపడ్డాయి.

రాళ్ల వేడి కాక, ఇంకో పొయ్యి కూడా ఉంది. ఇనుప తీగ ముక్కను ఒకేచోట ఇటూ అటూ పదిసార్లు వంచి, వంచిన చోట వేలు పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. బృహస్పతి తన చందమామలను అలా వంచుతుంటాడు. అయో నాలుగు చుట్లు తిరిగేసరికి యూరోపా రెండు, గానిమీడ్ ఒకటి తిరుగుతాయి. ఈ తాళం వల్ల వాటి కక్ష్యలు ఎప్పటికీ పూర్తి గుండ్రం కావు. బృహస్పతికి దగ్గరైనప్పుడు సాగుతూ, దూరమైనప్పుడు సడలుతూ వాటి కడుపు వేడెక్కుతుంది. 1979 మార్చిలో ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ లెక్కతో అయో లోపల కరిగి ఉండాలని రాశారు. కొద్ది రోజుల్లోనే వాయేజర్-1 అక్కడ పేలుతున్న అగ్నిపర్వతాలను చూసింది. అక్కడా లెక్కే ముందు. యూరోపా మంచు పెంకు కింద భూమి మీది సముద్రాలన్నీ కలిపినా రెట్టింపు నీరు ఉందని అంచనా. ఆ సముద్రాన్ని గెలీలియో నౌక అయస్కాంత క్షేత్రం కొలతల నుంచి పట్టుకుంది. బృహస్పతి అయస్కాంత క్షేత్రం ఊగినప్పుడల్లా యూరోపా లోపల ఏదో విద్యుత్తును మోస్తున్నట్టు ప్రతిస్పందించింది. ఉప్పునీరు మోస్తుంది, గట్టి మంచు మొయ్యదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది శని చుట్టూ తిరిగే ఎన్సెలాడస్. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి తిన్నగా గీత గీస్తే ఎంత దూరమో దాని అడ్డుకొలత అంతే, 500 కిలోమీటర్లు. అంత చిన్నది ఎప్పుడో చల్లారి ఉండాలి. పైన మైనస్ 200 డిగ్రీల మంచు. అయినా 2005లో కాసినీ నౌక దాని దక్షిణ ధ్రువం పగుళ్లలోంచి నీటి ఆవిరి, మంచు తుంపర చిమ్ముతుండటం చూసింది. తర్వాత పదేళ్లలో పదేపదే ఆ తుంపరలోంచి దూసుకుపోయి రుచి చూసింది. ఉప్పు తగిలింది. సన్నని సిలికా రేణువులు తగిలాయి. అవి పుట్టాలంటే సముద్రం అడుగున నీళ్లు 90 డిగ్రీల దాకా వేడెక్కి ఉండాలి. హైడ్రోజన్ తగిలింది. కాసినీ 2017 సెప్టెంబరు 15న శనిలో కలిసిపోయింది, కానీ అది పంపిన కొలతల్లోంచి 2023లో ఫాస్ఫేట్లు కూడా బయటపడ్డాయి. గుండాల ఇసుక కింద ఉన్నది అక్కడా ఉంది: చల్లని పైభాగం, వెచ్చని అడుగు, మధ్యలో నీళ్లు. సూర్యుడు గీసిన పట్టీకి అది ఎంతో అవతల ఉంది.

మన ఇంటి పెరట్లోనే ఇన్ని ఉంటే, ఇతర నక్షత్రాల దగ్గర ఎన్ని? ఈ ప్రశ్నకు సంఖ్య పెట్టడానికి పూనుకున్నవాడు నేపాల్‌లో పుట్టి అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న లుజేంద్ర ఓఝా. ఆయన బృందం 2022 డిసెంబరులో నేచర్ కమ్యూనికేషన్స్‌లో అచ్చువేసిన పరిశోధన, అంటార్కిటికా లెక్కనే చల్లని రాతి గ్రహాలకు వర్తింపజేసింది. భూమి పాటి గ్రహం, పైన తగినంత మంచు, కింద ఓ మోస్తరు భూతాపం ఉంటే చాలు, అడుగున నీరు కోట్ల ఏళ్లపాటు నిలుస్తుంది. ఇదివరకు నూరు నక్షత్రాలకు ఒకదాని దగ్గర నీళ్లున్న భూమిలాంటి గ్రహం ఉండొచ్చని అనుకునేవారు. పరిస్థితులు కలిసొస్తే అది నక్షత్రానికి ఒకటి దాకా పోవచ్చని ఓఝా 2023లో ఫ్రాన్స్‌లోని లియాన్ సదస్సులో చెప్పారు. నూరు రెట్లు. ‘పరిస్థితులు కలిసొస్తే’ అన్న ముక్కను వదలకుండా ఈ సంఖ్యను చదవాలి.

ఓఝా గురించి ఇంకో మాట చెప్పాలి. 2011లో, ఇంకా డిగ్రీ చదువుతుండగానే, అంగారకుడి వాలుల మీద వేసవిలో పొడుగెదిగి చలికి మాసిపోయే నల్లని చారలను గమనించిన విద్యార్థి ఈయనే. పారే ఉప్పునీళ్లేమోనని ప్రపంచమంతా ఆశపడింది. 2017 నాటికి అవి జారుతున్న పొడి ఇసుక కావచ్చన్న వాదన బలపడింది. నీటి కోసం వెతికేవాడికి ఇలాంటివి తప్పవు. చెలమలో మొదట ఊరింది తోడి పారబోయాల్సిందే. పారబోసినవాడే మళ్లీ ఇంకోచోట తవ్వాడు. అందుకే ఆయన మాటను ఇంకొంచెం శ్రద్ధగా వింటాను.

ఓఝా లెక్క ఎక్కువగా ఎర్ర మరుగుజ్జు తారల గురించి. సూర్యుడి కంటే చిన్నవి, చల్లనివి, మన పాలపుంత తారల్లో నాలుగింట మూడు వంతులు అవే. ఒక్కటీ కంటికి కనబడదు. వీటిలో మనకు అతి దగ్గరిది ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాల దూరం. దాని చుట్టూ 11 రోజుల్లో తిరిగే ఒక గ్రహాన్ని 2016లో కనుగొన్నారు. ఆ దిక్కు ఢిల్లీ నుంచి అసలు కనిపించదు. ఏడాదంతా దిగంతం కిందే ఉంటుంది. అదే మన ఊళ్ల నుంచి, ఏప్రిల్ చివరా మే మొదట్లో అర్ధరాత్రి, దక్షిణాన చెట్ల కొమ్మల మీదుగా ఆల్ఫా సెంటారీ పెద్ద చుక్కగా మెరుస్తుంది. ప్రాక్సిమా దాని పక్కనే ఉంటుంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు డాబా ఎక్కి చూడమని కుర్రాడికి చెప్పాను.

ఎర్ర మరుగుజ్జులతో చిక్కు ఏమిటంటే అవి కుదురు లేనివి. తరచుగా ఎగసిపడి దగ్గరి గ్రహాల గాలిని ఊడ్చేస్తాయి. 40 కాంతి సంవత్సరాల దూరంలో కుంభరాశి దిక్కున ఉన్న ట్రాపిస్ట్-1 దగ్గర ఏడు రాతి గ్రహాలున్నాయని 2017లో ప్రకటించినప్పుడు ఎంత సంబరపడ్డామో, లోపలి రెండింటికీ చెప్పుకోదగ్గ గాలి లేదని 2023లో జేమ్స్ వెబ్ దూరదర్శిని చూపినప్పుడు అంత దిగులుపడ్డాం. కానీ కిలోమీటర్ల మంచు కింద ఉన్న నీటికి ఆ ఎగసిపాటుతో పనిలేదు. ఇక్కడ మంచు మూతగా, కవచంగా కూడా పనికొస్తుంది. ఇంకో చిక్కు మాత్రం గట్టిది. గ్రహం మరీ పెద్దదై, నీరు వందల కిలోమీటర్ల లోతుంటే, అడుగున ఒత్తిడికి ఇంకో రకం మంచు పుడుతుంది. అది నీటి కంటే బరువు, తేలదు, అడుగునే పేరుకుంటుంది. అప్పుడు నీరు రెండు మంచు పొరల మధ్య చిక్కి, రాతి నుంచి వచ్చే లవణాలకు, వేడికి దూరమైపోతుంది. నీళ్లున్నంత మాత్రాన అవి విలాన్స్ నీళ్లు కావు.

మంచు కింద కాక గాలి కింద దాగిన సముద్రం గురించి కూడా ఇటీవల చాలా విన్నారు. వారణాసి ఐఐటీలో చదివి, ఎంఐటీలో డాక్టరేట్ చేసి, కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న నిక్కు మధుసూదన్ 2021లో అలాంటి గ్రహాలకు హైసియన్ అని పేరు పెట్టారు: మందమైన హైడ్రోజన్ గాలి, దాని కింద గ్రహమంతా సముద్రం. ఆయన చూపే ఉదాహరణ కే2-18బి. బరువు భూమికి ఎనిమిదిన్నర రెట్లు, వెడల్పు 2.6 రెట్లు. 124 కాంతి సంవత్సరాల దూరం. అంటే ఈరోజు మనకు అందుతున్న వెలుగు బయల్దేరిన నాటికి న్యూఢిల్లీ ఊసే లేదు. ఆ కట్టడాల కోసం మాధోగంజ్, జైసింగ్‌పురా, రాజా కా బజార్ గ్రామాలు ఖాళీ చేసిన జనం కరోల్ బాగ్‌కు వచ్చి పడింది ఆ తర్వాతే. 2019లో ఆ గ్రహం మీద నీటి ఆవిరి దొరికిందన్నారు. 2023లో వెబ్ చూసేసరికి ఆ జాడ మీథేన్‌దని తేలింది, దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ కనిపించింది. 2025లో, భూమి మీద సముద్రపు నాచు విడిచే డైమిథైల్ సల్ఫైడ్ జాడలున్నాయని మధుసూదన్ బృందం చెప్పింది. అదే కొలతలను వేరే పద్ధతుల్లో చూసిన ఇతరులు ఒప్పుకోలేదు. అక్కడ సముద్రమే లేదు, కరిగిన శిల ఉందనేవాళ్లూ ఉన్నారు. నా మనసు ఒప్పుకోనివాళ్ల వైపే మొగ్గుతోంది. అయినా ఈ వాదన జరగడం ఎంతో మేలు. వాదన జరిగే వీలుందంటే అక్కడి గాలి మనకు కనిపిస్తోందన్నమాట.

మంచు కింది నీటికి ఆ వీలు కూడా లేదు. నా బాధ అదే. ఓఝా లెక్క నిజమైతే, విశ్వంలో ద్రవజలంలో ఎక్కువ భాగం మూత కింద ఉంది. మన దూరదర్శినులు మూత పైభాగాన్నే చూడగలవు. గ్రహం నక్షత్రం ముందుగా పోయినప్పుడు దాని గాలి అంచులోంచి జారివచ్చే వెలుగును చదువుతాం. మంచు అడుగు నుంచి ఆ వెలుగులోకి వచ్చేది ఏమీ లేదు, పగుళ్లలోంచి ఎన్సెలాడస్‌లాగా తుంపర చిమ్మితే తప్ప. అంత దూరంలో ఆ తుంపరను పట్టే పరికరం ఇంకా మన చేతిలో లేదు. నీళ్ల లెక్క నూరు రెట్లు పెరిగింది, చూసే శక్తి అంతే ఉంది. 1960ల జోతికోవ్ స్థితిలో ఉన్నాం.

కాబట్టి దగ్గరి చెలమనే ముందు తవ్వాలి. 2024 అక్టోబరు 14న బయల్దేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030 ఏప్రిల్‌లో బృహస్పతిని చేరుతుంది. యూరోపా పక్కనుంచి సుమారు యాభై సార్లు పోతూ మంచులోకి రేడియో తరంగాలు పంపుతుంది. అంటార్కిటికా మీద 1970లలో విమానాలు చేసింది ఇదే పని. మంచులోంచి పోయిన తరంగం నీటిని తాకితే గట్టిగా తిరిగొస్తుంది. మధ్యలో ఎక్కడైనా నీటి గుంటలు చిక్కుకుని ఉన్నా తెలుస్తుంది.

ఆ డాబా గది ఖాళీ చేసి చాలా రోజులైంది. కుర్రాడు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు, ఎండాకాలం వస్తే తాగునీటి ట్యాంకర్ల లెక్కలు చూడటం అతని పనిలో భాగం. మొన్న ఫోన్ చేసి, క్షేమసమాచారాల తర్వాత అడిగాడు: “అన్నా, క్లిప్పర్ యాడికి చేరింది?”

2025 మార్చి 1న అంగారకుడి పక్కనుంచి పోయిందని చెప్పాను. తిన్నగా బృహస్పతికి పోయేంత వేగం దానికి లేదు. అందుకే 2026 డిసెంబరులో మళ్లీ భూమి దగ్గరకే వచ్చి, మన పక్కనుంచి తోపు తీసుకుని పోతుంది.